నురుగే శుభ్రత కాదు

తెలుగు బోధించు ఉపాధ్యాయుడు బట్టలుతుకు యంత్రమును గూర్చి వ్రాయనేల యని చదువరులు ఆశ్చర్యపడవచ్చును. నా పేరు కనబడినచోట వ్యాకరణమో, కావ్యప్రశంసయో ఉండునని మా విద్యార్థులు అనుకొనుట వాడుక. అయినను మన భాష తరగతి గదిని దాటి వంటయింటిలోను, మగ్గము కడను, కుళాయి కడను గూడ మనకు ఉపకరింపవలెను. ఇప్పుడు మన ఇండ్లలో తరచుగా వినబడు ఒక ప్రశ్నకు తెలుగులో సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆ ప్రశ్న యిది: "వేలు పోసి కొన్న వాషింగు మెషిను నాలుగైదేండ్లకే ఏల చెడిపోవుచున్నది?"

సోలాపురము పూర్వ భాగములో మన తెలుగువారి బ్రతుకు బట్టతో ముడిపడి యున్నది. మన పెద్దలు తెలంగాణ ప్రాంతము నుండి మగ్గములతో ఇచ్చటికి వచ్చిరి. వారు నేసిన దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతట పేరు పొందినవి. నేడును అనేక గృహములలో తండ్రి పవర్‌లూము మీద పనిచేయును, తల్లి ఇంట కూర్చుండి బీడీలు చుట్టును. దూది పీచు, నూనె మరకలు, పొగాకు ధూళి పట్టిన బట్టలు దినదినము కుప్పవడును. ఇట్టి యింటికి ఉతుకు యంత్రము విలాసవస్తువు కాదు. అది ఒక తల్లికి దినమునకు రెండు గంటల విశ్రాంతియో, మరి కొన్ని వందల బీడీల కూలియో అగును.

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక సోమవారము నాడు, గురువారము నాడు మొదటి పాఠమునకు రాకుండెను. చదువులో చురుకైన పిల్ల. కారణము అడుగగా తలవంచుకొని, "మిషిన్ చెడిపోయింది సార్. అమ్మకు బీడీల లెక్క అప్పజెప్పేది ఉంటుంది. బట్టలు నేనే ఉతుకుతున్న" అనెను. కిస్తీల మీద కొన్న యంత్రమట. కిస్తీలు తీరి మూడేండ్లయినను కాలేదు. ఆమెకు అన్న యొకడు కలడు. అతని హాజరు పట్టికలో లోపమేమియు లేదు! యంత్రము ఆగినప్పుడు దాని పని ఆకాశమునకు పోదు. ఇంటిలో ఎవరి మీదనో పడును. సాధారణముగ అది ఆడుపిల్ల మీదనే పడును. ఉతుకు యంత్రము ఆయుర్దాయమును గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయుటకు నాకు ఈ కారణము చాలును.

ఆ యింటికి నేను పోయిన దినముననే యంత్రమును బాగుచేయు పనివాడును వచ్చెను. అతడును మన పేటవాడే. వాకిటిలో గోనెపట్టా పరచి యంత్రమును విప్పెను. అది ముందువైపున గుండ్రని తలుపు గల రకము. లోపల బట్టలు తిరుగు ఉక్కు డ్రమ్ము, దానిని చుట్టి నీరు నిలుచు ప్లాస్టిక్ టబ్బు ఉండును. డ్రమ్మును వెనుక నుండి పట్టుకొని త్రిప్పుటకు మూడు చేతుల ఆధారమొకటి కలదు. సాలెపురుగు కాళ్లవలె చాచుకొని యుండుటచే పనివారు దానిని స్పైడరు అందురు. డ్రమ్మును బయటికి తీసి త్రిప్పగా దాని వెనుక తడి సున్నము మెత్తినట్లు బూడిదరంగు మడ్డి దళసరిగా పట్టియుండెను. మురుగు కాలువ వాసన వచ్చెను. మడ్డిని గీకి చూడగా స్పైడరు చేయి యొకటి పుప్పిపన్నువలె గుల్లబారి విరిగియుండెను.

పనివాడు నా వైపు తిరిగి, "గురూజీ, ఈ మిషిన్ పని చేసి అరగలేదు. సబ్బు కడుపుల పెట్టుకొని కుళ్ళింది" అనెను.

ఆ మాట యందలి సత్యమును నేను తరువాత చదివి, అడిగి తెలిసికొంటిని. దానినే ఇచ్చట క్రమముగా వివరించుచున్నాను.

బట్ట శుభ్రమగుటకు నాలుగు సాధనములు కావలెను. మొదటిది రసాయనము, అనగా సబ్బు గాని పొడి గాని. రెండవది వేడి. మూడవది రాపిడి, అనగా బాదుట, రుద్దుట, త్రిప్పుట. నాలుగవది కాలము. జర్మనీ దేశమున హెర్బర్ట్ సిన్నర్ అను శాస్త్రజ్ఞుడు 1959లో ఈ నాలుగింటిని ఒక వృత్తముగా గీచి చూపెను. వృత్తములో ఒక భాగము తగ్గినచో, తక్కిన భాగములలో ఏదైన ఒకటి పెరిగి ఆ లోటును పూరింపవలెను. ఇదియే దాని సారాంశము.

మన పూర్వులకు ఈ వృత్తము పేరు తెలియకున్నను దాని మర్మము తెలియును. చాకలివారు చవిటిమన్ను నీటిలో బట్టలు నానవేయుదురు. చవిటిమన్నులో సోడాక్షారముండును. అది రసాయనము. బానలో ఆవిరికి పెట్టుదురు. అది వేడి. బండమీద బాదుదురు. అది రాపిడి. తెల్లవారుజామున ఆరంభించిన పని సాయంకాలమునకు గాని ముగియదు. అది కాలము. పైగా ఏటినీరు ధారాళముగా పారి మురికిని, క్షారమును రెండింటిని కొనిపోవును. బట్టలో గాని బండమీద గాని ఏమియు మిగులదు.

నేను ఉపాధ్యాయ శిక్షణము పొందినది మహబూబ్‌నగరములో. నాడది ఉమ్మడి ఆంధ్రప్రదేశములోనిది. 2014 నుండి తెలంగాణ రాష్ట్రములోనిది. వసతిగృహములో ఆదివారము నాడు మేమందరము వరుసగా కూర్చుండి రాతిబండమీద బట్టలు ఉతుకుకొనెడివారము. చేతితో ఉతుకువానికి చేయియే కొలత. పొడి ఎక్కువయినచో వేళ్లు జారును, చర్మము మండును, ఎన్ని బకెట్లు పోసినను నురుగు తెగదు. రెండవ మారు ఎవడును అంత వేయడు. యంత్రమునకు చర్మము లేదు. ఈ దినము అధికముగా వేసిన పొడిని గూర్చి అది నాలుగేండ్ల తరువాత గాని ఫిర్యాదు చేయదు. అప్పుడు చేయు ఫిర్యాదునకు మందు లేదు.

నురుగు ఎక్కువయిన కొలది శుభ్రత ఎక్కువగునను నమ్మకము మనకు ఎట్లు కలిగెనో ఆలోచింపదగినది. బట్టల పొడికి పెద్ద చరిత్ర లేదు. జర్మనీలో పెర్సిల్ అను పొడి 1907లో వెలువడెను. మురికిని విడగొట్టు ఎంజైములను ఉతుకు పనికి వాడు పద్ధతికి ఓటో రోమ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1913లో పేటెంటు పొందెను. మన దేశమున సర్ఫ్ పొడి 1959లో వచ్చెను. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ నిర్మా పొడిని ఆరంభించి తక్కువ ధరకు ఇంటింటికి చేర్చెను. ఆనాడు బకెట్టులో పొడి కలిపి బట్టలు నానవేయుటయే పద్ధతి. బకెట్టు నిండ నురుగు పొంగినచో గృహిణికి తృప్తి కలిగెడిది. చేతి ఉతుకునకు అది కొంత గుర్తుగా పనికివచ్చెడిది. మురికి అధికముగా నున్నచో నురుగు త్వరగా చచ్చును గనుక, నురుగు నిలిచినచో పొడి చాలినదని ఎంచెడివారు.

యంత్రములో ఈ లెక్క తారుమారగును. ముందు తలుపు గల యంత్రము తక్కువ నీటితో పనిచేయును. బట్టలను పైకెత్తి క్రిందికి పడవేయుటయే దానికి బండమీద బాదుట. నురుగు అధికమైనచో అది పరుపువలె అడ్డుపడి ఆ దెబ్బను మెత్తపరచును. రాపిడి తగ్గి బట్ట సరిగా ఉతుకబడదు. అంతియే కాదు. పిండు సమయమున డ్రమ్మునకు, టబ్బునకు నడుమ నురుగు నిండి డ్రమ్ము వేగమును అడ్డగించును. మోటారు శ్రమపడును. నీటిని తోడుటకు నిర్మించిన పంపు నురుగును తోడలేక వృథాగా తిరుగును. తుదకు బట్టలు జిడ్డుగా బయటికి వచ్చును. అప్పుడు మనమేమనుకొందుము? "పొడి చాలలేదు" అనుకొని, మరునాడు మరి యొక చెంచా వేయుదుము! రోగమునకు కారణమైన దానినే మందుగా పెంచుచున్నాము.

విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయుడు. దినమునకు 30 గ్రాముల పొడి అవసరమునకు మించి వేసినచో, సంవత్సరములో 300 దినములు ఉతికినచో, అధికముగా వేసిన పొడి 9 కిలోలగును. అయిదేండ్లకు 45 కిలోలు. ఇందులో చాల భాగము కాలువలోనికి పోవుట నిజమే. పోక నిలిచిన కొద్ది భాగమే డ్రమ్ము వెనుక మడ్డిగా మారును.

ఇక నీటి సంగతి. మన ప్రాంతమున చాల యిండ్లలో బోరునీరే ఆధారము. అందు కాల్షియము, మెగ్నీషియము లవణములు అధికము. దీనినే మీ పాఠ్యపుస్తకములో కఠినజలము అందురు. లీటరునకు 180 మిల్లీగ్రాములకు మించి ఈ లవణములున్న నీటిని అతికఠినముగా లెక్కింతురు. మన దేశపు త్రాగునీటి ప్రమాణములలో 200 మిల్లీగ్రాములు అంగీకారయోగ్యమైన హద్దు. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతింతురు. త్రాగుటకు అనుమతింపబడిన నీరు యంత్రమునకు అనుకూలమని చెప్పుటకు వీలులేదని దీనివలన గ్రహింపవచ్చును. కఠినజలములో సబ్బు నురుగదు, తెల్లని తెట్టుగా విడిపోవును. బట్టల పొడి సబ్బువలె విడిపోదు గాని, దానిలోని సోడా ఆ నీటియందలి కాల్షియముతో కలిసి సున్నపురాతి పొడిగా క్రిందికి దిగును. అది బట్టలలో చేరి గరుకుదనము తెచ్చును. రబ్బరు మడతలలోను, డ్రమ్ము వెనుకను చేరి, అచ్చటి జిడ్డుతో కలిసి గట్టిపడును.

కఠినజలమునకు కొంచెము ఎక్కువ పొడి కావలెననుట సత్యమే. పొడి పొట్లము మీద దాని కొలత వేరుగా వ్రాసియున్నచో దానిని అనుసరింపవలెను. అంతకు మించి వేసినది ఉతుకుటకు పనికిరాక మిగిలిపోవును.

ఇప్పుడు చల్లనీటి విషయము. దీనియందు లాభమును నష్టమును రెండును కలవు.

లాభము మొదట చెప్పెదను. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు కాచుటకు సుమారు 0.6 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.2 కిలోజౌళ్లు పట్టునను సూత్రముతో పదవ తరగతి వారు దీనిని సరిచూచుకొనవచ్చును. 40 డిగ్రీల వరకే కాచినచో సుమారు 0.26 యూనిట్లు చాలును. చల్లనీటితో ఉతికినచో ఈ వ్యయము లేనే లేదు. మరియు కఠినజలము వేడెక్కిన కొలది అందలి సున్నము ఎక్కువగా విడిపడును. స్నానపు నీటి కొరకు వాడు హీటరు కడ్డీకి తెల్లని పొర పట్టుట మీరందరు చూచినదే. యంత్రము లోపలి హీటరునకు కూడ అట్టిదే పట్టును. ఆ పొర వేడిని నీటికి పోనీయదు. అందుచేత హీటరు లోలోపల మితిమీరి కాలి చెడును. చల్లనీటితో ఉతుకువారి హీటరు ఈ విధముగ బ్రతికిపోవును. రంగులు నిలుచును, నూలు ముడుచుకొనదు. రంగుల సంగతి మన నేతవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక నష్టము. చల్లనీటిలో పొడి పూర్తిగా కరగదు. శరీరపు జిడ్డు, వంటనూనె, మగ్గపు నూనె చల్లనీటిలో సులభముగా బట్టను వదలవు. వదలినదియు టబ్బు గోడలకు పట్టుకొనును. కొన్ని పొడులలో మరకలను తొలగించి క్రిములను చంపుటకు సోడియం పర్కార్బొనేటు వంటి పదార్థముండును. దానికి వెచ్చదనము లేనిదే పూర్తి బలము రాదు. ద్రవరూపమున సీసాలలో దొరకు వానిలో అది ఉండదు. కావున ఎల్లప్పుడు చల్లనీరే వాడి, ఎల్లప్పుడు ద్రవమే పోయు యంత్రములో జిడ్డు, తేమ, చీకటి మూడును ఒకచోట చేరును. క్రిములు పాచివలె పొరకట్టి నివసించుటకు ఇంతకంటె అనువైన స్థలము వేరొకటి లేదు. బట్టలకు మెత్తదనము కొరకు పోయు సువాసన ద్రవము ఈ పొరను మరింత దళసరి చేయును. జర్మనీలోని ఒక ఆసుపత్రిలో పసిబిడ్డల శరీరములపై మందులకు లొంగని క్రిమి ఒకటి మాటిమాటికి కనబడగా, కారణము వెదకినవారికి అది అచ్చట ఉన్న ఇండ్లలో వాడు రకపు ఉతుకు యంత్రములో దొరకినది. పొడి వేయు సొరుగులోను, తలుపు రబ్బరులోను ఆ క్రిమి నివసించుచుండెను. ఈ సంగతి 2019లో ప్రచురింపబడెను.

మరి చల్లనీరు వాడవచ్చునా, కూడదా? సిన్నర్ వృత్తమును మరల స్మరింపుడు. వేడిని తగ్గించితిమి. ఆ లోటును ఏది పూరింపవలెను? మనము పొడితో పూరింపజూచుచున్నాము. అచ్చటనే కీడు పుట్టుచున్నది. కాలముతో పూరింపవలెను. చల్లనీరు వాడునపుడు పొడిని కొలత ప్రకారమే వేసి, యంత్రమును ఎక్కువసేపు తిరుగనీయవలెను, లేదా బట్టలను ముందుగ నానవేయవలెను. కాలము ఉచితముగా దొరకును. యంత్రము తిరుగుచుండగా తల్లి బీడీలు చుట్టుకొనవచ్చును, పిల్ల చదువుకొనవచ్చును. చల్లనీరు, పదునైదు నిమిషముల తొందర ఉతుకు, గుప్పెడు ఎక్కువ పొడి – ఈ మూడును కలిసినచో యంత్రమునకు అంతకు మించిన శత్రువు లేదు. పొడి కరగుటకే కాలము చాలదు, ఇక జాడించుటకు ఎక్కడ చాలును?

ఇచ్చట మరి యొక భేదమును గమనింపవలెను. చలిదేశములలో శీతకాలమున కుళాయినీరు చేతికి కొరికినట్లుండును. అందుచేత వారు 30 డిగ్రీలకు ఉతుకుటయే చల్లని ఉతుకు అందురు. సోలాపురములో వేసవిని ఎండ 40 డిగ్రీలు దాటును. డాబామీది తొట్టినీరు మధ్యాహ్నమునకే గోరువెచ్చన. మనకు సూర్యుడే హీటరు. వేసవిలో మధ్యాహ్నము ఉతికినవారికి కాసు ఖర్చులేక వెచ్చని ఉతుకు లభించును. మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున అదే తొట్టినీరు బాగుగా చల్లబడును. అప్పుడు పొడిని ముందుగా ఒక చెంబెడు వెచ్చనినీటిలో కరగించి పోసినచో గడ్డలు మిగులవు.

మిగిలిన మడ్డి యంత్రమును ఎట్లు చంపునో చెప్పి ఈ భాగమును ముగించెదను. డ్రమ్ము ఉక్కుతో చేసినది. స్పైడరును సాధారణముగా అల్యూమినియము మిశ్రలోహముతో పోతపోయుదురు. అల్యూమినియమును క్షారము తినునని మీరు రసాయనశాస్త్రములో చదివితిరి. బట్టల పొడి కలిసిన నీరు క్షారగుణము కలది. పైగా రెండు వేరు లోహములు తడిలో తాకియున్నప్పుడు వానిలో బలహీనమైనది త్వరగా క్షీణించును. జాడించి పొడిగా ఆరనిచ్చిన యంత్రములో ఈ క్షయము మిక్కిలి నెమ్మదిగా సాగును. తడిమడ్డి పట్టిన యంత్రములో అది రాత్రింబవళ్లు సాగును, యంత్రము ఆగియున్నప్పుడు కూడ సాగును. అట్లే ఇరుసు చుట్టు ఉన్న రబ్బరు ముద్రను మడ్డి గీచి అరగదీయును. నీరు లోనికి పోయి బేరింగులోని గ్రీజును కడిగివేయును. బేరింగు తుప్పుపట్టి తిరుగలి విసరినట్లు శబ్దము చేయును. ఆ శబ్దము విన్న దినముననే పనివానిని పిలిచినవారు బేరింగు ఖర్చుతో బయటపడుదురు. విని ఊరకున్నవారు డ్రమ్మును, టబ్బును గూడ పోగొట్టుకొందురు.

మనలో చాలమంది వాడు రెండు తొట్ల యంత్రములో ఈ స్పైడరు లేదు. పోయిన నీరు కంటికి కనబడును, చేయి పెట్టి చూడవచ్చును. నీరు దినదినము రాని యిండ్లకు బకెట్టుతో నింపుకొను ఆ యంత్రమే అనుకూలము. అయినను అడుగున తిరుగు చక్రము క్రింద జిడ్డు, దారపు పీచు చేరక మానవు. మోతాదు సూత్రము దానికిని వర్తించును.

ఇప్పుడు తల్లులు, తండ్రులు, పిల్లలు అందరు ఆచరింపదగిన నియమములను సంగ్రహముగా చెప్పెదను. పొడిని కొలిచి వేయవలెను. పొట్లములోని చెంచా మీద గీతలుండును. చెంచా నిండుట కొలత కాదు, గీతయే కొలత. యంత్రము రకమునకు తగిన తక్కువ నురుగు పొడినే వాడవలెను. చేతి ఉతుకు పొడిని ముందు తలుపు యంత్రములో వేయరాదు. నెలకు ఒకసారి బట్టలు లేకుండ 60 డిగ్రీలకు గాని అంతకు మించిన వేడికి గాని యంత్రమును త్రిప్పవలెను. రోగుల దుప్పట్లను, పసిపిల్లల గుడ్డలను వేడినీటితో ఉతుకుటయే మేలు. ఉతుకు ముగిసిన తరువాత తలుపును, పొడి సొరుగును తెరచియుంచి ఆరనీయవలెను. చిన్నపిల్లలున్న యింట తలుపు తెరచియుంచినప్పుడు పెద్దల కన్ను దానిమీద ఉండవలెను. తలుపు రబ్బరు మడతను పొడిగుడ్డతో తుడువవలెను. పంపు జల్లెడను అప్పుడప్పుడు విప్పి దారములను, నాణెములను తీయవలెను. సున్నపు పొర కొరకు నిమ్మఉప్పు వాడువారు దానిని ఏనాడును బ్లీచింగు పదార్థముతో కలుపరాదు. ఆ రెండును కలిసినచో ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు పుట్టును.

విద్యార్థులారా! మీరు స్వయముగా చేసి చూడదగిన పరీక్షలు రెండు కలవు. మొదటిది: రెండు గాజుసీసాలు తీసికొని ఒకదానిలో వాననీరు, రెండవదానిలో బోరునీరు సమానముగా పోయుడు. స్నానపు సబ్బును గీకి రెండింటిలో చిటికెడు చొప్పున వేసి సమానముగా కుదుపుడు. ఏది నురుగునో, ఏది తెట్టు కట్టునో చూచినచో మీ యింటి నీటి స్వభావము తెలియును. రెండవది: ఇంటిలో ముందు తలుపు యంత్రమున్నవారు పెద్దల అనుమతితో, బట్టలు గాని పొడి గాని వేయక, వట్టినీటితో త్రిప్పి తలుపు అద్దములో నుండి చూడుడు. పొడి వేయకున్నను నురుగు లేచినచో, ఆ నురుగు పాత దినములదని గ్రహింపుడు.

యంత్రముతో వచ్చు చిన్నపుస్తకమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. అది సాధారణముగ ఇంగ్లీషులో, హిందీలో ఉండును. దానిని ప్లాస్టిక్ సంచితో సహా బీరువాలో దాచు యిండ్లు నేనెన్నియో చూచితిని. మన పాఠశాల పిల్లలు తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు – నాలుగు భాషలు నేర్చుచున్నారు. ఇన్ని భాషలు పిల్లలకు భారమని కొందరు తల్లిదండ్రులు నాతో అనుట కలదు. ఆ పుస్తకమును తీసి, ఒక్కొక్క వాక్యమే చదివి, తల్లికి తెలుగులో చెప్పగల పిల్లవాడు ఆ యింటికి ఎంత మేలు చేయునో ఆలోచింపుడు. ముందు తలుపు యంత్రమునకు ఎంత పొడి, నెలకు ఒకసారి ఏ మీట నొక్కవలెను, ఎఱ్ఱదీపము వెలిగిన దాని అర్థమేమి – ఇవి తెలియుటకు పెద్ద చదువు అక్కరలేదు. తెలిసినవాడు తెలియనివారికి వారి భాషలో చెప్పుటయే కావలెను.

నేను చెప్పిన యింట స్పైడరు, బేరింగులు మార్చుటకు పనివాడు చెప్పిన ఖర్చు క్రొత్త యంత్రము ధరలో సగమునకు దగ్గరగా వచ్చెను. వారు అంత భరింపలేక పాత యంత్రమును తూకమునకు అమ్మివేసిరి. కొన్ని నెలలకు రెండు తొట్ల యంత్రమును కొనిరి. ఈలోపల ఆ యింట ఒక మార్పు జరిగెను. తల్లి వంతులు వేసెను: సోమవారము కుమారుడు, గురువారము కుమార్తె. బాలిక సోమవారపు పాఠములకు రాసాగెను. అన్నకును చేతులు కలవని ఆ యింట అందరికి తెలియుట యంత్రము చెడిపోవుటవలన కలిగిన ఒక మేలు. క్రొత్త యంత్రము వచ్చిన తరువాత గురువారము కూడ ఆమె స్థానము ఖాళీగా లేదు.

తల్లిదండ్రులకు నా మనవి. మీ చెమట కూడబెట్టి కొన్న వస్తువునకు మీరు పోయు పొడి ఎక్కువైనచో అది సేవ కాదు. వేడి తగ్గించినచోట కాలము పెంచుడు, పొడి పెంచకుడు. రేపు బట్టలు వేయునపుడు మీ పిల్లను గాని పిల్లవానిని గాని ప్రక్కన నిలువబెట్టి, చెంచా మీద గీత ఎక్కడ ఉన్నదో చూడుమని చెప్పుడు. అంతవరకే పోయుడు.